కప్ప బొమ్మకు పోలీసు ఫోను

(పెద్దపంజాణిలో జరిగిన మండల రైతుల సభలో మాట్లాడిన పాఠం. చాలావరకు మాట్లాడినది మాట్లాడినట్టే అచ్చు వేస్తున్నాము.)

ముందర కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండప్పా. ఇక్కడ కూర్చుంటే ఎవరూ ఫోటో తీసి స్టేషనుకు పంపరు.

అజెండా కాయితంలో నా పేరుకు ఎదురుగా "టమోటా ధరలు, మార్కెట్ కమీషన్లు" అని రాసినారు. దాని మీద మాట్లాడితే నాకు రాత్రి దాకా చాలదు, మీకు ఇంటికాడ పాలు పిండే పని ఉంది. కార్యదర్శిని అడిగి ఈ పొద్దు విషయం మార్చుకున్నాను. అయినా టమోటా ధర దగ్గరికే వస్తాను, కొంచెం చుట్టు తిరిగి.

మన వాట్సాప్ గ్రూపు మీకందరికీ తెలుసు. అడ్మిన్ నేనే. ధరలు, వాన కబుర్లు, ఏనుగులు ఏ పక్క దిగినాయి, ఎవరి ఆవు ఈనింది, అన్నీ దాంట్లోనే. ఆ గ్రూపులో ఒక పిల్లోడు ఉన్నాడు. పేరు చెప్పను. డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, రెండెకరాలు గుత్తకు తీసుకొని టమోటా పెట్టినాడు. ఫోనులోనే వేలితో బొమ్మలు గీస్తాడు. ఒకనాడు ఒక బొమ్మ పెట్టినాడు. ఎండిపోయిన కాలువ. గట్టు మీద వరసగా శిలాఫలకాలు. కాలువలో ఒక తల్లి కప్ప పిల్ల కప్పతో అంటా ఉంది: "ఈత తర్వాత నేర్చుకుందువులే నాయనా, ముందు శిలాఫలకం ఎక్కడం నేర్చుకో."

అంతే బొమ్మ. ఏ నాయకుడి పేరూ లేదు, ఏ పార్టీ రంగూ లేదు. మన కాలువల సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు గదా. కుప్పం కాలువకే 2024 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి వచ్చి నీళ్ళు వదిలినాడు. అది సినిమా సెట్టింగు గేటని ఎదుటి పార్టీ ఎగతాళి చేసింది. 2025 ఆగస్టులో ఇంకో ముఖ్యమంత్రి వచ్చి పరమసముద్రం చెరువు దగ్గర జలహారతి ఇచ్చినాడు. ఆయన మీద ఈ పార్టీ వాళ్ళు ఎగతాళి చేసినారు. వాళ్ళు వాళ్ళు ఎగతాళి చేసుకుంటే రాజకీయం. మన పిల్లోడు చేస్తే నేరం అయిపోయింది.

రెండు రోజులకు ఫోను వచ్చింది. ఏ స్టేషనో చెప్పను. ఏ ప్రభుత్వంలో జరిగిందో కూడా చెప్పను. చెప్తే మీలో సగం మంది ఇప్పుడే లేచి పోతారు, మిగిలిన సగం చప్పట్లు కొడతారు. నాకు రెండూ వద్దు.

"సార్ ఒకసారి రమ్మంటున్నాడు. నువ్వు కూడా రా, అడ్మిన్‌వి నువ్వే కదా" అన్నారు. పోయినాము. కేసు లేదు, నోటీసు లేదు. పొద్దున పదింటి నుంచి చీకటి పడే దాకా బెంచీ మీద కూర్చోబెట్టినారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అబద్ధం ఎందుకు, టీ కూడా తెప్పించినారు. సాయంత్రం తెల్ల కాయితం ఇచ్చి "ఇంకెప్పుడూ పెట్టను, తప్పయింది" అని రాసివ్వమన్నారు. పిల్లోడు నా ముఖం చూసినాడు. "రాసిచ్చేయ్ నాయనా, రేపు కోత ఉంది" అని చెప్పింది నేనే.

ఫోను వాళ్ళే పెట్టుకున్నారు. పదకొండు రోజులకు ఇచ్చినారు. ఆ పదకొండు రోజులూ ఏ మార్కెట్లో ఎంత పలుకుతుందో తెలియక, బండాయన ఎక్కడికి ఎత్తితే అక్కడికి కాయ పంపినాడు. టమోటాకు పదకొండు రోజులంటే ఏమో మీకు తెలుసు. 2023 జూలై ఆఖరులో మన మదనపల్లెలో కిలో 200 రూపాయల దగ్గరికి పోయిన కాయే, ఇంకో నెల తిరిగే లోపల ఎట్లా పడిపోయిందో కళ్ళారా చూసినాము.

ఇంతవరకు పోలీసుల సంగతి. ఇప్పుడు నా సంగతి చెప్తాను, ఇది చెప్పడానికే మైకు అడిగినాను. ఆ రాత్రి ఇంటికి వచ్చి, గ్రూపులో కప్ప బొమ్మ తీసేసినాను. అడ్మిన్ తప్ప ఇంకెవరూ రాయకుండా తాళం వేసినాను. ఈ రెండు పనులూ నన్ను ఏ పోలీసాయనా చెయ్యమనలేదు. నేనే చేసినాను. నెల తర్వాత తాళం తీసినా ఎవరూ ఏమీ రాయలేదు. పొద్దున లేస్తే గులాబీ పువ్వులు, "శుభోదయం". ఆ రోజుల్లోనే ఒక మండీలో వంద బాక్సులకు ఇన్ని బాక్సులని జాక్‌పాట్ కింద ఊరికే పట్టుకుంటా ఉంటే, నష్టపోయినవాళ్ళలో ఒక్కరు కూడా గ్రూపులో పెట్టలేదు. అడిగితే "ఎందుకొచ్చిన గొడవ అన్నా, మళ్ళా నిన్ను పిలుస్తారు" అన్నారు. నా మీద జాలిపడి ఊరుకున్నారు! కప్ప బొమ్మకు భయపడినోళ్ళం మండీ లెక్క ఎట్లా అడుగుతాము?

మన జనానికి ఎగతాళి కొత్తది కాదు. నా చిన్నప్పుడు మా జేజినాయన భుజం మీద కూర్చోబెట్టుకొని భారతానికి తీసుకుపోయేవాడు. పద్దెనిమిది దినాలు, పగలు హరికథ, రాత్రి నాటకం. దుర్యోధనుడు కిరీటం పెట్టుకొని గద తిప్పుతా వస్తే, పక్కనే బఫూన్ వచ్చి "రాజా, నీ రాజ్యంలో బోరు ఎన్ని అడుగులకు పడింది?" అనేవాడు. ఆనాటి ప్రెసిడెంటు ముందర వరసలో మంచం వేసుకొని కూర్చుంటే, ఆయన వేయించిన రోడ్డు మీద బఫూన్ నడిచి చూపించినాడు, కుంటుకుంటా, గుంతల్లో పడతా లేస్తా. జనం పడీ పడీ నవ్వినారు. ప్రెసిడెంటు పది రూపాయలు చదివించినాడు. లోపల మండిందో లేదో ఆయనకే తెలుసు. పోలీసునైతే పిలవలేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క రామాయణం మధ్యలో వచ్చి చేసే పనీ ఇదే గదా. పెద్దోళ్ళ కథ మధ్యలో మన మాట ఒకటి దూర్చడం.

ఇంకా వెనక్కి పోదాం. మన పక్కనే, కడప సీమలో, సిద్ధవటం. దాన్ని ఏలుతా ఉండినవాడు సమ్మెట గురవరాజు, విజయనగరం కింద సామంతుడు. పన్ను కట్టలేని ఇళ్ళల్లో ఆడవాళ్ళను చెప్పరాని చిత్రహింసలు పెట్టి వసూలు చేసేవాడట. ఆ దారిన పోతున్న కూచిపూడి భాగవతులు అది చూసినారు. విజయనగరం పోయి వీరనరసింహరాయల ముందర ఆట కట్టే అవకాశం దొరికినప్పుడు, పురాణం ఆడలేదు. గురవరాజు వేషం ఒకడు, హింస పడే ఆడమనిషి వేషం ఒకడు కట్టి, చూసింది చూసినట్టు ఆడి చూపించినారు. రాయలు విచారించి, సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి చంపించినాడు. మాచుపల్లి కైఫీయత్తులో రాసి ఉన్న కథ ఇది, 1502 ప్రాంతం నాటిదని చెప్తారు. అర్జీ పెట్టుకునే దిక్కు లేని రైతులకు ఆ పొద్దు వేషం కట్టినవాళ్ళే అర్జీ అయినారు. నేను ఈ కథ విన్నప్పుడల్లా ఒకటే అనుకుంటాను. ఆ భాగవతులు సిద్ధవటంలోనే ఆ ఆట ఆడి ఉంటే వాళ్ళ గతి ఏమయ్యేది? దూరాన ఉండే రాజు నవ్వుతాడు, వింటాడు. పక్కనున్న రాజే కర్ర తీస్తాడు.

మన కాలంలో రాజులు లేరు, పార్టీలు ఉన్నాయి. ఒక్కొక్క పార్టీ సంగతి చూద్దాం. ఎవరినీ వదలను, కోపం తెచ్చుకోవద్దు.

1983లో శాసన మండలిలో జరిగిన గొడవను ఈనాడు "పెద్దల సభలో గలభా" అని రాసింది. గలభా అన్న మాటకే పెద్దలకు కోపం వచ్చింది. సభా హక్కులన్నారు, ఎడిటర్ రామోజీరావును పట్టుకొని సభ ముందర నిలబెట్టమన్నారు. 1984 మార్చిలో హైదరాబాద్ పోలీసు కమిషనరే బయలుదేరి వస్తే, సుప్రీంకోర్టు స్టే ఉండబట్టి ఆగింది. తమాషా ఏమంటే, 1985లో ఆ మండలినే ఎన్టీఆర్ రద్దు చేసినాడు. గలభా అన్న మాట మిగిలింది, పెద్దల సభ పోయింది. 2007లో మళ్ళా వచ్చింది. పదేళ్ళు తిరిగినాక, 2017 ఏప్రిల్‌లో, "పొలిటికల్ పంచ్" అనే ఫేస్‌బుక్ పేజీ నడిపే ఇంటూరి రవికిరణ్‌ను తుళ్ళూరు పోలీసులు హైదరాబాద్ పోయి పట్టుకొచ్చినారు. ఎందుకంటే అదే మండలి మీద ఎగతాళి బొమ్మ. ఫిర్యాదు శాసనసభ కార్యాలయం నుంచి. అప్పుడు ఉన్నది తెలుగుదేశం ప్రభుత్వం. అదే మనిషి 2024లో మళ్ళా కేసుల్లోకి ఎక్కినాడు.

ఇది విని ఫ్యాన్ గుర్తు అన్నలు సంతోషపడుతున్నారు, నేను చూస్తున్నాను. ఆగండి. 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 938 నంబరు జీవో తెచ్చింది, పత్రికల మీద అధికారులే కేసులు పెట్టొచ్చని. విలేకరులు గొడవ చేస్తే పక్కన పెట్టినారు. 2019 అక్టోబర్ 30న జగన్ ప్రభుత్వం అదే బాటలో 2430 నంబరు జీవో తెచ్చింది. 2020లో విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకై 12 మంది చచ్చిపోతే, దాని మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టినందుకు గుంటూరులో అరవై దాటిన ఒక ఆడమనిషి మీద సీఐడీ కేసు కట్టింది. ఆమె బాంబులు వేయలేదు. అడిగింది.

తర్వాత మన కుప్పం. దీని దగ్గర కొంచెం ఆగుతాను, మనలో చాలామంది ఆ పొద్దు ఆ రోడ్డు మీదే ఉండినారు. కందుకూరులో, గుంటూరులో తొక్కిసలాటల్లో జనం చచ్చిపోయినారు, అది నిజం, బాధే. దాన్ని చూపించి 2023 జనవరి 2న జీవో నంబర్ 1 తెచ్చినారు. రోడ్ల మీద సభలు, ఊరేగింపులు వద్దని. తెల్లోళ్ళ 1861 నాటి పోలీసు చట్టం దానికి ఆధారం. రెండు రోజులకే చంద్రబాబు నాయుడు సొంత నియోజకవర్గానికి వస్తే, శాంతిపురం మండలం పెద్దూరు దగ్గర పోలీసులు ఆపినారు. ప్రచార బండి పట్టుకున్నారు. ముప్పై ఏళ్ళ పైన ఎమ్మెల్యేగా ఉండిన మనిషికే తన ఊర్లో మైకు లేకపోతే, పాల ధర కోసం రోడ్డెక్కే మనకు ఏముంటుంది? సీపీఐ రామకృష్ణ హైకోర్టుకు పోయినాడు. జనవరి 12న కోర్టు జీవోను ఆపింది, మే 12న కొట్టేసింది. ఆ నాలుగు నెలలు అన్ని పార్టీల వాళ్ళూ రాజ్యాంగం పుస్తకం పట్టుకొని తిరిగినారు. నాకు మహా సంతోషం అయింది. ఇంక అందరికీ తెలిసొచ్చిందిలే అనుకున్నాను.

2024లో ప్రభుత్వం మారింది. నవంబర్ వచ్చేసరికి సోషల్ మీడియా పోస్టుల మీద రాష్ట్రమంతా కేసులు. మావాళ్ళను ఎక్కడ పెట్టినారో చూపించండని ఇంటి ఆడవాళ్ళు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్లు వేసుకున్నారు. రాజ్యాంగం పుస్తకం ఈ చేతి నుంచి ఆ చేతికి మారింది, అంతే. కుర్చీలో కూర్చున్నవాడి చేతిలో మాత్రం ఎప్పుడూ ఉండదు.

పక్క రాష్ట్రంలోనూ ఇదే. 1987లో ఆనంద వికటన్ పత్రిక అట్ట మీద ఒక జోకు వేసింది. వేదిక మీద ఇద్దరు. జేబులు కొట్టేవాడి మాదిరి ఉన్నవాడు ఎమ్మెల్యే, ముఖానికి గుడ్డ కట్టుకున్న దొంగ మాదిరి ఉన్నవాడు మంత్రి. తమిళనాడు అసెంబ్లీ ఎడిటర్‌కు మూడు నెలల జైలు వేసింది. జనం గొడవ చేస్తే రెండు మూడు రోజులకే వదిలినారు. ఆయన ఊరుకోలేదు, కోర్టుకు పోయి గెలిచినాడు. వెయ్యి రూపాయలు పరిహారం వచ్చింది. డబ్బు చిన్నదే. తప్పయిందని రాసివ్వలేదు ఆయన. నేను రాయించినాను.

మనం రైతులం, మనకెందుకు ఈ బొమ్మల గొడవ అనే అన్నలు ఉన్నారు. పొద్దున టీ అంగడి దగ్గర ఒకాయన అదే అన్నాడు. సరే, 2021 ఫిబ్రవరి ఒకటో తేదీ గుర్తు చేసుకోండి. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు చలిలో కూర్చొని ఉండినారు. ఆ పొద్దు కేంద్రం చెప్తే ట్విట్టర్ రెండొందల యాభై దాకా ఖాతాలు ఆపింది. కిసాన్ ఏక్తా మోర్చా ఖాతా వాటిలో ఒకటి. ఉద్యమం నోరే అది. అదే నెల 13న ఢిల్లీ పోలీసులు బెంగళూరుకు వచ్చి దిశా రవి అనే ఇరవై రెండేళ్ళ పిల్లను పట్టుకుపోయినారు. రైతులకు మద్దతుగా ఒక కాయితం కంప్యూటర్లో దిద్దిందని రాజద్రోహం కేసు. పది రోజులకు బెయిల్ వచ్చింది. బెంగళూరు మనకు ఎంత దూరం? మన టమోటా, మన పూలు రోజూ పోయే ఊరు.

ఢిల్లీ వద్దు, మన జిల్లాకే రండి. 2025లో తోతాపురి కాయ ధర పడిపోయి ఫ్యాక్టరీ గేట్ల ముందర ట్రాక్టర్లు దినాల తరబడి నిలబడినాయి. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తుందని ప్రకటించినారు. జూలైలో బంగారుపాళ్యంలో కాయలు రోడ్డు మీద పోసినారు. అది నిజమైన కడుపుమంట అని ఒక పార్టీ, నాటకమని ఇంకో పార్టీ. కేసులు కూడా పెట్టినారు. నేను అడిగేది ఒకటే. నాటకమే అనుకుందాం. నాటకం ఆడితే తప్పా? కూచిపూడి వాళ్ళు ఆడింది నాటకం కాదా? కాయ ధర పడిందా లేదా అన్నది చూడాల గానీ, కాయ పోసినవాడు ఎవరి మనిషి అని వెతికితే ఏం లాభం?

ఇప్పుడు రెండో పక్క కూడా చెప్పాల. ఫోనుల్లో కొందరు పెట్టేవి చూస్తే నాకే కడుపులో తిప్పుతుంది. నాయకుడి మీద కోపం ఉంటే వాళ్ళ భార్య, కూతురు ఫోటోలు మార్చి బూతులు రాస్తారు. దాన్ని ఎగతాళి అనడానికి నాకు నోరు రాదు. బఫూన్ ప్రెసిడెంటు రోడ్డును చూపించినాడు గానీ ప్రెసిడెంటు ఇంటి ఆడవాళ్ళ జోలికి పోలేదు. ఆ బూతులకు చట్టం ఉంది, నడవనీండి, కోర్టు శిక్ష వేయనీండి. ఆ బూతు రాసినవాడినైనా సరే రాత్రిపూట ఎత్తుకుపోయి, ఏ స్టేషనులో ఉన్నాడో ఇంట్లో చెప్పకుండా తిప్పడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆ బండి ఒకసారి రోడ్డెక్కితే బూతు రాసినవాడి ఇంటి ముందరే ఆగదు. కప్ప బొమ్మ గీసినవాడి ఇంటికీ వస్తుంది. వచ్చింది.

మనలాంటోళ్ళకు పనికొచ్చే మాటలు నాలుగు చెప్తాను, రాసుకోండి. నేను వకీలును కాను, మన వకీలు తమ్ముడిని అడిగి తెలుసుకున్నవే. 2013లో చీరాల ఎమ్మెల్యే మీద, గవర్నర్ రోశయ్య మీద ఫేస్‌బుక్‌లో రాసిందని పౌరహక్కుల నాయకురాలు జయ వింధ్యాలను ఐటీ చట్టం 66ఏ కింద అరెస్టు చేసినారు. ఆ 66ఏను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎవరైనా ఇప్పుడు ఆ సెక్షన్ పేరు చెప్తే, అది చచ్చిపోయిన సెక్షన్ అని మర్యాదగా చెప్పండి. ఏడేళ్ళ లోపల శిక్ష పడే కేసుల్లో పట్టుకొని లోపల వేయడం ముందు మాట కాదు. నోటీసు ఇచ్చి పిలవాల. కొత్త చట్టంలో అది 35వ సెక్షన్. కాయితం లేకుండా ఫోనులో "సార్ రమ్మంటున్నాడు" అంటే, "నోటీసు పంపండి, తప్పకుండా వస్తాను" అనండి. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. కవిత్వం, నాటకం, వ్యంగ్యం మనిషి బతుకుకు విలువ తెస్తాయని, మాటకు సంబంధించిన ఇట్లాంటి కేసుల్లో పోలీసులు ముందు విచారించుకొని ఆ తర్వాతే కేసు ఆలోచించాలని. ఆ జూలైలో మన హైకోర్టు కూడా సోషల్ మీడియా కేసుల్లో రిమాండు వేసే ముందు ఇవన్నీ చూడమని మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. ఇవన్నీ ఆ పొద్దు నాకు తెలిసి ఉంటే బెంచీ మీద అట్లా కూర్చొని ఉండను. తెలిసినా కూర్చునేవాడినేమో. ఒక్కడే పోతే ఎంత చట్టం తెలిసినా కాళ్ళు వణుకుతాయి.

అందుకే ఈ సభ ముందర ఒక తీర్మానం పెడుతున్నాను. మన సంఘంలో ఎవరినైనా మాట కోసం, పాట కోసం, బొమ్మ కోసం, వీడియో కోసం స్టేషనుకు పిలిస్తే, వాడు ఏ పార్టీకి ఓటేసినా సరే, పదిమంది తక్కువ కాకుండా వాడితో పోవాల. వకీలు ఫీజు సంఘం నిధి నుంచి కట్టాల. మాఫీ కాయితం రాయమని మన పెద్దలెవరూ మన పిల్లోళ్ళకు చెప్పకూడదు. దీన్ని ఒప్పుకునే ముందు ఆలోచించుకోండి. ఎదుటి పార్టీ పిల్లోడు మీ నాయకుడి మీద బొమ్మ గీసిన పొద్దు కూడా మీరు బండెక్కాల. అక్కడ వెనక్కి తగ్గేవాళ్ళు ఇప్పుడే చెయ్యి దించేయండి, నాకేం కోపం లేదు.

ఆ పిల్లోడు ఈ సభలోనే ఉన్నాడు, వాటర్ డ్రమ్ము పక్కన. పొద్దున వాడిని అడిగినాను, ఆ కప్ప బొమ్మ ఉందా నాయనా అని. ఫోను తిరిగి వచ్చినప్పుడు దాంట్లో లేదంట, ఎవరో తీసేసినారు. మళ్ళా గీస్తావా అంటే నవ్వినాడు. "గీస్తాను మామా, ఈసారి గ్రూపులో నువ్వు పెట్టు" అన్నాడు. గీసినాడు. పెట్టినాను, అరగంట అయింది. మీ ఫోనులు చూసుకోండి. కార్యదర్శి వచ్చి తీర్మానం చదువుతాడు. చేతులు ఎత్తేవాళ్ళు బాగా పైకి ఎత్తండి, లెక్క పెట్టుకోవాల.